రెండు కొడితే ఆగాలి

క్యాబిన్ రేకు మీద తప్‌మని ఒక దెబ్బ పడింది. రెండోది పడిందో లేదో ఒట్టు వేసి చెప్పలేను, సరిగ్గా అప్పుడే ముందు చక్రం గోతిలో దిగి లేచింది, స్టీరింగు చేతిలో వణికింది, సీటు కింద సంచిలో ఉన్న సుత్తులూ ఉలులూ ఒకదాన్నొకటి తిట్టుకున్నాయి. ఒక్కటే అయితే ఫరవాలేదు. ఒకటి అంటే పద అని, రెండు అంటే ఆగు అని. మా ఆయన పెట్టిన పద్ధతి అది. నేను బండి నడిపేదాన్ని, ఆయన వెనక తొట్టిలో కర్రలు సర్దేవాడు, బండి కదలాలన్నా ఆగాలన్నా నోరు తెరిచి అరిచేవాడు కాదు, అరచేత్తో రేకు మీద కొట్టేవాడు. మూడు కొడితే ఏమిటయ్యా అర్థం అని ఒకసారి అడిగాను. మూడు కొట్టే అవసరమే వస్తే కొట్టడానికి మనిషి మిగలడే పిచ్చిదానా అని నవ్వాడు. ఆ నోటికి హద్దూ పద్దూ ఉండేది కాదు. ఆయన పోయి మూడేళ్ళయింది. ఇప్పుడు క్యాబిన్‌లో నేనొక్కదాన్నే ఉన్నాను, వెనక తొట్టిలో చెక్క తప్ప మనిషన్నవాడు లేడు, మధ్యాహ్నం మూడు కావస్తోంది, ఎండ తెల్లగా కాస్తోంది.

ఆపను. ఇవాళ ఆపనని మా అమ్మాయికి మాటిచ్చాను. ఇరవై రెండేళ్ళ పిల్ల, నాతో పాటు చెక్కపని చేస్తుంది, చెయ్యి వాళ్ళ నాన్నది, నోరు నాది. కర్రల అడితిలో సరుకు ఎక్కించడం అయ్యాక నా ఎదురుగా వచ్చి చేతులు కట్టుకుని నిలబడింది.

“అమ్మా, ఇవాళ ఎక్కడా ఆపకుండా పోదాం. నీకు పుణ్యముంటుంది.”

“చప్పుడైతే?”

“కర్రల బండి చప్పుడు చెయ్యక జోల పాడుతుందా? పోయినసారి తొమ్మిదిసార్లు ఆపావు. తొమ్మిది! ఒక్కసారైనా ఏమన్నా ఊడిందా?”

ఊడలేదు, నిజమే. ఆపిన ప్రతిసారీ దిగి చుట్టూ తిరిగి చూస్తాను, తాళ్ళు బిగదీసినవి బిగదీసినట్టే ఉంటాయి, కర్రలు కదలవు, ఎవరో పిలిచినట్టుంటుంది, తీరా చూస్తే ఎవరూ ఉండరు. పని చేయించుకునే ఆసామి ఒకడు మీ అమ్మగారి బండి రాయి రాయికీ ఆగే బస్సులా ఉందే అన్నాడట, పిల్లకి తల కొట్టేసినంత పనైంది. ఓసారి నా కళ్ళలోకి చూడకుండా డాక్టరుకి చూపిద్దామా అమ్మా అంది. చెవులకా అన్నాను. ఊఁ, చెవులకే అంది. నాకు తెలియదూ దేనికో. మూడేళ్ళుగా దాని ముందు నేను నోరు విప్పని సంగతి ఒకటుంది, అది గొంతులో చేపముల్లులా ఉంది, మింగలేను కక్కలేను, విప్పితే ఈ పిల్ల నన్ను మళ్ళీ అమ్మా అని పిలుస్తుందో లేదో తెలియదు, అందుకని సరేనే తల్లీ ఆపను అన్నాను. అయినా దాని మూతి సడలలేదు, నీ పక్కన కూర్చుంటే నా చెవులు ఊడతాయి అని స్కూటరు తీసుకుని వెనకాల వస్తోంది.

దెబ్బ కాదు. ఎండకి రేకు సాగుతుంది, సాగినప్పుడు తప్‌మంటుంది, అంతే. లేకపోతే పైన కర్ర తగిలి ఉంటుంది. కర్ర ఎలా తగులుతుంది? రేకుకీ కర్రలకీ మధ్య జానెడు ఖాళీ ఉంది, నేనే చెయ్యి పెట్టి చూశాను. ఎడమ పక్కన ఇరవై అడుగుల వాసాలు పది, ముందు కొసలు ఇనప చట్రం మీదుగా నా నెత్తి పైకి, వెనక కొసలు తొట్టి దాటి బారెడు బయటికి. వాటి పక్కన ప్లైవుడ్ షీట్లు పద్నాలుగు, కింద పన్నెండు బరువైనవి, పైన రెండు పల్చటివి, వేలు మందం కూడా లేనివి. ఆ రెండే శని. పల్చటివి మధ్యలో పెట్టి బరువైనవి మీద వెయ్యాలి, ఎవర్నడిగినా చెబుతారు, కానీ అడితి ముసలాయన వాటిని ఎక్కడో వెతికి అన్నిటికంటే చివర్న తెచ్చాడు, మళ్ళీ దింపి ఎక్కించడానికి నా నడుము ఒప్పుకోలేదు. మూడు తాళ్ళు వేశాను, ముందొకటి, మధ్యలో ఒకటి, వెనకొకటి. మధ్యదీ వెనకదీ షీటు జారకుండా. ముందుది గాలి కిందికి దూరకుండా. గాలికి నోరివ్వకూడదే అనేవాడు మా ఆయన, అది దొంగ కాదు, చుట్టం, దొంగైతే వచ్చి పోతాడు, చుట్టానికి గడపలో కాలు పెట్టనిస్తే మంచం అడుగుతుంది. నవ్వేవాళ్ళం. ఆ చుట్టం ఇవాళ అడితి గేటు దగ్గర్నుంచీ నా వెంటే వస్తోంది, రోడ్డు పక్క సగం కట్టి వదిలేసిన ఇళ్ళ కిటికీలకి కప్పిన ప్లాస్టిక్ పట్టాలు ఒకదాని తర్వాత ఒకటి ఉబ్బుతున్నాయి, నేను దాటగానే అణుగుతున్నాయి, లోపల ఎవరో ఊపిరి పీల్చి నన్ను పోనిచ్చి వదులుతున్నట్టు.

లాగిందా? ముందు తాడు పిల్ల లాగి చూసిందా? ఇదీ ఆయన పద్ధతే, కట్టిన చెయ్యి లాగి చూడకూడదు. కాకిపిల్ల కాకికి ముద్దు, ఎవరి ముడి వాళ్ళకి ముద్దు, కట్టినవాళ్ళు లాగితే చెయ్యి తెలియకుండానే మెత్తబడుతుంది, రెండో మనిషి కాలు తొట్టికి తన్నిపెట్టి, పగ తీర్చుకున్నట్టు లాగాలి. ఆయన కడితే నేను లాగేదాన్ని, నేను కడితే ఆయన. ఇప్పుడు నేను కడతాను, పిల్ల లాగుతుంది. మధ్య తాడు లాగింది, చూశాను. వెనక తాడు లాగింది, చూశాను. ముందు తాడు దగ్గర నిలబడి తాడు మీద చెయ్యి వేసింది, అప్పుడే అడితి ముసలాయన ఏదో అడిగితే నేను అటు తిరిగాను.

“లాగావా?” అన్నాను.

“లాగాన్లే,” అంది.

బాగా బిగిసిన తాడు లాగితే కిర్రుమంటుంది, చెప్పులోంచి వచ్చే చప్పుడు లాంటిది, వినీ వినపడకుండా. అది విన్నానా? మధ్య తాడుది విన్నాను. వెనక తాడుది విన్నాను. ముందుది... ముసలాయన మాట వింటున్నాను కదా, గాలి కూడా ఉంది కదా, వినపడి ఉండదు. లాగానంది కదా. అబద్ధం చెప్పే పిల్ల కాదు. కోపంలో ఉన్నప్పుడు లాగాన్లే అన్న మాటలో ఆ చివరి లే నాకు నచ్చలేదు, అంతే.

అద్దంలో అది కనబడుతోంది. అది అని అంటున్నాను గానీ కనబడేది ఆయన. ఎండా దుమ్మూ పడకుండా ఆయన గోధుమరంగు కోటు వేసుకుంది, ఆయన హెల్మెట్టే పెట్టుకుంది, నల్ల అద్దం దించేసింది, మొహం కనబడదు, భుజాలు కోటులో సగమే నిండాయి, మిగతా సగం గాలి నింపింది. అదురుతున్న అద్దంలో ఆయనే బండెక్కి నా వెనకాల వస్తున్నట్టుంది, తొందరేం లేదు, నువ్వు పద, నేను వస్తున్నా అన్నట్టుంది. ఛీ, కన్నకూతుర్ని చూసి జడుసుకునే తల్లి ఉంటుందా. ఇరవై గజాలు వెనక ఉండవే అంటే పదిలో ఉంటుంది, నేనెక్కడైనా ఆపుతానేమోనని కాపలా. దానికీ నాకూ మధ్య ఆ పది వాసాల కొసలు, సరిగ్గా దాని గుండె ఎత్తులో. కొసలకి ఎర్రగుడ్డ కట్టాలి కదా, గుడ్డ కోసం ఇల్లంతా వెతికి చివరికి ఆయన ఎర్ర చొక్కాదే ఒక చెయ్యి కత్తిరించి కట్టాను, మణికట్టు దగ్గర బొత్తాం కూడా అలాగే ఉంది. గాలి లోపలికి దూరి చొక్కా చెయ్యి ఉబ్బింది, లోపల చెయ్యి ఉన్నట్టే, లేస్తోంది, దిగుతోంది, లేస్తోంది, దిగుతోంది. మెల్లగా, మెల్లగా అని ఆయన బండిని వెనక్కి రమ్మనేటప్పుడు ఇలాగే ఊపేవాడు.

తప్.

ఇదిగో, ఇది ఒకటే. ఒకటే. పద అంటున్నాడు, పోతున్నాను కదా. ఈ రోడ్డు అదే రోడ్డు కాదు. ఆ రోజు వేరే రోడ్డు, ఇంతకంటే వెడల్పు, రెండు వైపులా గడ్డి. షీట్లు ఎక్కించాక చూసుకుంటే రెండే తాళ్ళు, మూడోది ఏదే అన్నాడు. మూడోది ఇంటి వెనక బట్టలారేసే దండెం అయి ఉంది, ముందురోజు నేనే కట్టాను, తడిబట్టలు ఎక్కువై. చెప్పాను. కోప్పడి ఉంటే బాగుండేది. తాడు లేకపోతే నేను లేనా, డెబ్భై కిలోలు, నీ వంట తిని ఇంకో రెండు, నన్ను లేపే గాలి ఇంకా పుట్టలేదు అని తొట్టి ఎక్కి, షీట్ల మీద బోర్లా పడుకుని, ముందు అంచు రెండు చేతులతో పట్టుకుని, గడ్డం చెక్కకి ఆనించి, పద అని ఒకటి కొట్టాడు. ఈ పని చేసేవాళ్ళందరూ ఎప్పుడో ఒకప్పుడు అలా పడుకున్నవాళ్ళే. తాడు తక్కువైతే మనిషి పడుకోవడం, అదో పెద్ద పనితనం అనుకుంటాం. అడ్డుచెప్పాల్సింది. మెల్లగా పోతాలే అన్నాను, మెల్లగానే పోయాను, మొదట.

ఆయనకి టీ పిచ్చి. ఏ టీ కొట్టు కనపడ్డా రెండు కొట్టేవాడు, ఆగు అని. పని మీద వెళ్తే నాలుగు చోట్ల టీ. ఆ రోజు కూడా ఎడమ పక్కన కొట్టొకటి వచ్చింది, పొగ కనబడింది, అప్పుడే రెండు పడ్డాయి, తప్ తప్. చీకటి పడేలోగా చేరాలని నేను. టీ లేదూ గీ లేదూ, ఊరుకోవయ్యా అని పైకే అన్నాను. నవ్వాను కూడా. నవ్వి యాక్సిలరేటరు తొక్కాను. దేవుడా, తొక్కాను. ఆ తర్వాత మళ్ళీ కొట్టలేదు. కొట్టలేదేమిటా అని అద్దంలో చూస్తే షీటొకటి చాలా ఎత్తులో, పక్షి ఎగిరే ఎత్తులో, మెల్లగా తిరుగుతోంది, ఎండ పడి ఒక పక్క మెరిసింది. అందంగా ఉంది అనిపించింది ఒక్క క్షణం. దాని మీద ఉండాల్సిన మనిషి గడ్డిలో ఉన్నాడు.

నాలుగు రోజులున్నాడు ఆసుపత్రిలో. పక్కనే కూర్చున్నాను. షీట్లు పగిలాయా అని అడిగాడు. ఒకటి అన్నాను. ఒకటేగా అన్నాడు. రెండు కొట్టాను కదే, ఎందుకు ఆపలేదు అని ఒక్క మాట అనలేదు, అంటాడేమో అని నాలుగు రోజులూ ఆయన పెదాల వంకే చూస్తూ కూర్చున్నాను, అనకుండానే పోయాడు. అందరికీ గాలే అని చెప్పాను. పిల్లకీ గాలే అని చెప్పాను. దండెం తాడు సంగతి కూడా చెప్పాను, దాన్ని కత్తితో ముక్కలు ముక్కలు చేస్తూ పిల్ల ముందే ఏడ్చాను. రెండు దెబ్బల సంగతి మటుకు చెప్పలేదు. అప్పట్నుంచీ బండి ఎక్కితే చాలు రేకు మోగుతుంది, ఆపుతాను, దిగుతాను, చూస్తాను, ఏమీ ఉండదు. ఆ రోజు ఆపనిదానికి శిక్షగా ఇప్పుడు ఆపిస్తున్నాడనుకున్నాను. ఆపించుకో, ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు. కానీ ఇవాళ కాదు. ఇవాళ పిల్లకి మాటిచ్చాను.

రోడ్డు గట్టెక్కింది. రెండు పక్కలా పల్లం, నీళ్ళు లేని పల్లం, ఎండిన తుంగ. గాలి ఇప్పుడు అడ్డంగా కొడుతోంది. వెనక ఏదో ఊపిరి తీస్తోంది. హుఁ... హుఁ... చెక్క గుల్లగా ఊపిరి తీస్తే అలాగే ఉంటుంది, పల్చటి షీటు మధ్య భాగం లేచి దిగితే. వినకు. ఊపిరి కాదు. అద్దంలో పిల్ల ఇంకా దగ్గరికి వచ్చింది, పది గజాలు కూడా లేదు, నల్ల అద్దం వెనక ఏ మొహం ఉందో. చొక్కా చెయ్యి లేస్తోంది, దిగుతోంది. మెల్లగా. మెల్లగా. అమ్మా తల్లీ వెనక్కి పోవే, కాస్త వెనక్కి పోవే.

తప్ తప్.

రెండు. గొయ్యి లేదు, గాలి కూడా ఆ క్షణాన లేదు, నా తలకి సరిగ్గా పైన, మనిషి అరచెయ్యి, చదునుగా, వేళ్ళు విడివిడిగా. ఆ రోజు ఎలా పడ్డాయో అలాగే, మొదటిది గట్టిగా రెండోది కాస్త మెత్తగా. మాటిచ్చాను. ఆపితే ఈ పిల్ల కళ్ళలో నేను పూర్తిగా పిచ్చిదాన్ని అయిపోతాను, రేపట్నుంచి తాళం చెవి నా చేతికివ్వదు. ఆపకపోతే? ఊరుకోవయ్యా అనాలా మళ్ళీ? నవ్వాలా? మాట పోతే పోయింది, పరువు పోతే పోయింది, పిచ్చిదంటే అననీ. బ్రేకు మీద కాలు పెట్టబోయి ఆగాను, తొక్కితే ఆ పది కొసలు పిల్ల గుండెల్లోకి పోతాయి, బ్రేకు లైటు కూడా కర్రల చాటున ఉంది. యాక్సిలరేటరు మీంచి కాలు తీశాను. చెయ్యి కిటికీలోంచి బయట పెట్టి ఊపాను, పైకి, కిందికి, పైకి, కిందికి, మెల్లగా, మెల్లగా. అద్దంలో స్కూటరు వెనకబడింది, ఇరవై, ముప్ఫై. బండి ఏడుస్తూ ఏడుస్తూ ఆగింది.

స్కూటరు స్టాండు వేసిన తీరులోనే కోపం వినబడింది. హెల్మెట్టు తీసింది. మా అమ్మాయే. ఎర్రబడ్డ మొహం, నుదుటికి అంటుకున్న జుట్టు, నా కడుపున పుట్టిన పిల్లే, హమ్మయ్య.

“మాటిచ్చావుగా అమ్మా! అరగంట. అరగంట కూడా ఉండలేకపోయావా?”

“ముందు తాడు లాగు.”

“లాగానన్నాను కదా!”

“లాగావు. మళ్ళీ లాగు.”

అది పళ్ళు నూరుకుంటూ వచ్చి, కాలు తొట్టికి తన్నిపెట్టి, నా మీద కోపమంతా తాడు మీద పెట్టి లాగింది. కిర్రుమనలేదు. తాడు మొత్తం, ముడితో సహా, ఏ అడ్డూ లేకుండా దాని చేతిలోకి వచ్చేసింది, అది రెండడుగులు వెనక్కి తూలింది. కొక్కానికి రెండు చుట్లు తిప్పాల్సిన చోట నేను ఒక్కటే తిప్పాను. నా చేతులతో నేనే. పల్చటి షీట్లు రెండూ ముందు అంచు లేపి మా ఇద్దరి వంకా చూశాయి, గాలి వచ్చింది, ఇంకాస్త లేచాయి, మధ్య తాడు దగ్గర చెక్క చిట్లిన చప్పుడు. ఇద్దరం ఒకేసారి మీద పడి అదిమిపెట్టాం. పిల్ల బుగ్గ చెక్కకి ఆనింది. అలా పడుకోకే, లే, లే అని అరిచాను, ఆ గొంతు నాదని నాకే తెలియలేదు. అది లేచి, చేతులతో మాత్రం నొక్కి పట్టుకుని, స్కూటరు ఎక్కడుందో చూసింది, షీటు ఎటు ఎగిరేదో చూసింది, మళ్ళీ స్కూటరు వంక చూసింది. రంగు పోయింది మొహంలో.

“నేను లాగలేదమ్మా,” అంది. “ఊరికే చెయ్యి వేశాను. కోపమొచ్చి... నీకెలా తెలిసింది?”

తిట్టాలి, నిజానికి. చెంప పగలగొట్టాలి. కానీ అది ఒప్పుకున్న తీరు చూస్తే నా గొంతులో ముల్లు దానంతటదే కదిలింది.

“రేకు మీద రెండు పడ్డాయి,” అన్నాను. “ఆ రోజు కూడా పడ్డాయే. మీ నాన్న రెండు కొట్టాడు. విన్నాను. టీ కోసమనుకుని ఆపలేదు. ఇంకా తొక్కాను. గాలి కాదే, నేనే.”

మా చేతుల కింద షీటు ఊపిరి తీసింది, వదిలింది. ఇక అమ్మా అనదు, అనుకున్నాను, తాళం చెవి అడుగుతుంది, స్కూటరెక్కి వెళ్ళిపోతుంది.

“నాకు తెలుసు,” అంది. “ఆసుపత్రిలో నువ్వు మందులకి వెళ్ళినప్పుడు నాన్న చెప్పాడు. అమ్మ ఎప్పుడైనా అడిగితే, నేను కొట్టలేదని చెప్పు, అన్నాడు.”

గాలి ఆగిందో, నా చెవులే ఆగాయో.

“మూడేళ్ళుగా చూస్తున్నానమ్మా. అడుగుతావు, చెబుదాం అని. నువ్వు అడగవే!”

“అడిగితే అబద్ధం చెప్పేదానివా?”

“చెప్పేదాన్ని.”

“నమ్మేదాన్నా?”

“నువ్వా? నీ కొక్కాన్నే నమ్మవు,” అంది, నవ్వబోయి ఏడ్చింది, నేనూ ఏడ్చాను, ఇద్దరం చేతులు తీస్తే షీటు లేస్తుందని చేతులు తియ్యకుండా, ముక్కులు భుజాలకి తుడుచుకుంటూ, ఎవరైనా చూస్తే చెక్క కోసం ఏడుస్తున్నారు పాపం అనుకునేలా ఏడ్చాం.

తర్వాత పని చేశాం. మిగతా తాళ్ళు కూడా విప్పి, బరువు షీట్లు రెండు లాగి పల్చటివాటి మీద వేసి, మళ్ళీ బిగించాం. ముందు తాడు ఈసారి అది కట్టింది, కొక్కానికి రెండు చుట్లు తిప్పి నాకు చూపించి మరీ కట్టింది. నేను కాలు తన్నిపెట్టి, పగవాడి మెడ దొరికినట్టు లాగాను. కిర్రుమంది. ఇద్దరం విన్నాం. క్యాబిన్ పైకెక్కి కర్రలకీ రేకుకీ మధ్య మళ్ళీ చెయ్యి పెట్టి చూశాను, జానెడు ఖాళీ అలాగే ఉంది, షీటు ఎంత లేచినా అక్కడికి అందదు. రేకు మీద దుమ్ము పరుచుకుని ఉంది, నా తల ఉండే చోట మాత్రం తుడిచినట్టు శుభ్రంగా, వెడల్పుగా. పిల్లకి చూపించలేదు. దిగి వచ్చేశాను.

“ఇక నువ్వు నా వెనక రావద్దు,” అన్నాను. “ముందు పో. కనబడుతూ ఉండు.”

“ఆపాలనిపిస్తే ఆపు,” అంది. కోటు తీసి మడిచి నా పక్క సీటులో పెట్టింది, హెల్మెట్టు పెట్టుకుని నల్ల అద్దం పైకెత్తే ఉంచి, స్కూటరు నా ముందుకి తెచ్చి, ఇరవై గజాల్లో ఆపి, వెనక్కి తిరిగి చూసింది. నేను తాళం తిప్పాను. ఇంజను అందుకుంది. వెంటనే కదలలేదు, ఎందుకో అలా కూర్చున్నాను, పక్కన కోటు, అద్దంలో చొక్కా చెయ్యి వేలాడుతూ, గాలి పూర్తిగా పడిపోయింది. పిల్ల రెండు చేతులూ హ్యాండిల్ మీదే ఉన్నాయి, నేను చూస్తూనే ఉన్నాను. అప్పుడు నా తల మీద, రేకుకి అవతల, ఒక్క దెబ్బ పడింది. ఊపిరి బిగబట్టి రెండోదాని కోసం చూశాను. రాలేదు.

“పోతున్నాలేవయ్యా,” అన్నాను, గేరు వేశాను.